టెక్సాస్‌లో ఆన్‌లైన్‌లో కేసు ఫైల్ చేస్తే కట్టే ఫీజులు, కార్డు మీద పడే హోల్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. లాయర్ని కాదండీ, ముందే చెప్తున్నా. సొంతంగా జస్టిస్ కోర్టులో, అదే మనవాళ్ళు స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసుల కోర్టు) అంటారే దాంట్లో, మూడుసార్లు ఫైల్ చేశాను, అందులో ఒకసారి కార్డు దగ్గర గట్టిగానే దెబ్బ తిన్నాను. అప్పట్నుంచి ఎవరికి అద్దె ఇంటి డిపాజిట్ గొడవ వచ్చినా "అన్నా ఒక్క డౌటు" అని నాకే ఫోన్ చేస్తున్నారు. అడిగేవి కూడా అటూ ఇటూ అవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇది టెక్సాస్ సంగతి, వేరే స్టేట్లలో రేట్లు, రూల్స్ మారతాయి, హోల్డు లెక్క మాత్రం చాలా చోట్ల దాదాపు ఇలాగే ఉంటది.

ఫైల్ చేయగానే బ్యాంక్ యాప్‌లో డబ్బులు కట్ అయినట్టు చూపిస్తోంది. కోర్టు క్లర్క్ ఇంకా చూడనే లేదు కదా, మరి ఎందుకు తీసుకున్నారు?

తీసుకోలేదు, పక్కన పెట్టించారు అంతే. ఇది హోటల్ వాళ్ళు చెక్-ఇన్ అప్పుడు కార్డు మీద పట్టి ఉంచే అమౌంట్ లాంటిదే. మీరు సబ్మిట్ నొక్కగానే సిస్టమ్ మీ బ్యాంకుని అడుగుద్ది, ఈ కార్డులో ఇంత ఉందా, ఉంటే నా కోసం ఆపి పెట్టు అని. బ్యాంక్ సరే అంటది. దాన్నే ఆథరైజేషన్ హోల్డ్ అంటారు, యాప్‌లో "పెండింగ్" అని కనిపించేది అదే. డబ్బు ఇంకా మీ అకౌంట్‌లోనే ఉంది, కానీ మీరు వాడుకోలేరు. క్లర్క్ మీ పేపర్లు యాక్సెప్ట్ చేసినప్పుడే అసలు ఛార్జ్ పడుద్ది.

అయితే నేరుగా యాక్సెప్ట్ చేశాకే తీసుకోవచ్చుగా, ఈ హోల్డు గోల ఎందుకు?

ఎందుకంటే అవతల మీ ఫైలింగ్ చూసేది మనిషి. మీరు ఎంచుకున్న ఫైలింగ్ కోడ్, అంటే ఏ రకం కాగితం వేస్తున్నారో చెప్పేది, తప్పయితే క్లర్క్ దాన్ని మార్చొచ్చు, మారిస్తే ఫీజు మారొచ్చు. తీరా యాక్సెప్ట్ చేశాక కార్డులో డబ్బుల్లేవు అంటే కేసు నంబర్ ఇచ్చేసి ఫీజు కోసం మీ వెంట పడాలి, ఆ తలనొప్పి వాళ్ళకెందుకు. అందుకే ముందు ఆపించి, ఆనక తీసుకుంటారు. క్లర్క్ ఫీజు మార్చిన సందర్భంలో పాత అమౌంట్ మీద హోల్డు ఒకటి, కొత్త అమౌంట్‌తో ఇంకోటి కనిపించినా కంగారు పడకండి, పాతది తర్వాత రాలిపోద్ది.

రిజెక్ట్ అయింది. డబ్బులు ఎప్పుడు వెనక్కి వస్తాయి?

ఇక్కడ రీఫండ్ అనే మాటే లేదు, తీసుకుంటే కదా తిరిగి ఇవ్వడానికి. హోల్డు వదిలేస్తారు. కోర్టు వైపు నుంచి రిటర్న్ అయిందని వెళ్ళాక దాన్ని తీసేయాల్సింది మీ బ్యాంకే, అది బ్యాంకుని బట్టి 3 నుంచి 10 వర్కింగ్ డేస్ పట్టొచ్చు. మధ్యలో శని, ఆదివారాలు, లేబర్ డే లాంటి సెలవలు వస్తే ఇంకా సాగుద్ది. కోర్టు క్లర్క్‌కి ఫోన్ చేసి "నా డబ్బులు" అంటే వాళ్ళ స్క్రీన్ మీద మీ పేరు మీద ఒక్క డాలర్ కూడా కనపడదు, ఎందుకంటే వాళ్ళ దాకా రానే లేదు. నేను చేసిన మొదటి పిచ్చి పని అదే, అరగంట హోల్డ్ మ్యూజిక్ విని మరీ ఆమెతో వాదించాను.

రిటర్న్ అయ్యింది సరిచేసి మళ్ళీ పంపితే రెండుసార్లు కట్టినట్టా?

రెండుసార్లు కట్టినట్టు కాదు, రెండు హోల్డులు పడతాయి. ఇక్కడే నేను బోల్తా కొట్టింది, కొంచెం వివరంగా చెప్తా.

అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వచ్చాం, డిపాజిట్ ఇవ్వలేదు, నెల రోజులు దాటింది, ఈమెయిల్స్‌కి జవాబు లేదు. సరే కేసు వేద్దామని ఒక రాత్రి పదకొండున్నరకి, పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను. పిటిషన్, లీజ్ కాపీ, డిపాజిట్ కట్టినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్, అన్నీ పీడీఎఫ్ చేసి పెట్టాను. ఫీజు, సర్వీస్ (అవతలి వాళ్ళకి కాగితాలు అందించే ఖర్చు) అన్నీ కలిపి 130 చిల్లర డాలర్లు అయ్యింది, చేతికి దొరికిన డెబిట్ కార్డు కొట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం మెయిల్, రిటర్న్డ్ ఫర్ కరెక్షన్ అని. చూస్తే బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో అకౌంట్ నంబర్ మొత్తం కనపడుతోంది, అది నల్లగా కొట్టేసి పంపమని నోట్ పెట్టారు. ఆ కంగారులో ఆఫీస్ క్యాఫెటీరియాలో కూర్చుని నంబర్ కొట్టేసి మళ్ళీ పంపా, మళ్ళీ రిటర్న్, ఈసారి ప్రతివాది పేరు లీజ్‌లో ఒకలాగా పిటిషన్‌లో ఇంకోలాగా ఉందంట. మూడోసారి పంపా. అంటే ఒకే డెబిట్ కార్డు మీద మూడు హోల్డులు, దగ్గర దగ్గర 400 డాలర్లు గాల్లో. సరిగ్గా అదే వారం ఒకటో తారీఖు, రెంట్ ఆటో-పే బౌన్స్. లేట్ ఫీ కట్టాను, అదీ కొత్త అపార్ట్‌మెంట్‌కి. పాత ఓనరు మీద కేసు వేయబోయి కొత్త ఓనరుకి ఫైన్ కట్టానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుద్ది.

కాబట్టి రిటర్న్ నోట్ రాగానే ఫోన్‌లో గబగబా సరిచేసి పంపేయకండి. ఇంటికెళ్ళి, వాళ్ళు చెప్పిన తప్పుతో పాటు చెప్పని తప్పులు కూడా వెతికి, అప్పుడు పంపండి.

ఏ కార్డు వాడాలి?

క్రెడిట్ కార్డు ఉంటే అదే. హోల్డు పడ్డా మీ లిమిట్ కొంచెం తగ్గుద్ది అంతే, చేతిలో డబ్బుకి ఢోకా లేదు. డెబిట్ అయితే అసలు డబ్బే ఇరుక్కుపోద్ది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోరెక్స్ కార్డు వాడే స్టూడెంట్స్ ఇంకా జాగ్రత్త, అది ప్రీపెయిడ్, హోల్డు ఎప్పుడు వదులుద్దో కనుక్కోవాలంటే అర్ధరాత్రి ఇండియా కస్టమర్ కేర్‌తో మాట్లాడాలి. రూమ్మేట్ క్రెడిట్ కార్డు అడిగి వాడుకున్నా తప్పు లేదు, కార్డు ఎవరిదైనా కేసు మీ పేరు మీదే ఉంటది.

జస్టిస్ కోర్టు ఫీజు 54 డాలర్లే అన్నారు. నా స్క్రీన్ మీద 140 దాకా చూపిస్తోంది, ఎక్కడ మోసం?

మోసం లేదు, 54 అనేది ఫైలింగ్ ఫీజు ఒక్కటే. 2022 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో ఫీజులన్నీ ఒక పద్ధతికి తెచ్చారు, జస్టిస్ కోర్టులో స్టేట్ వాటా 21, లోకల్ వాటా 33, కలిపితే 54. దీని మీద సర్వీస్ ఫీజు, అంటే కాన్‌స్టేబుల్ వెళ్ళి అవతలి వాళ్ళకి కాగితాలు చేతికిచ్చి రావడానికి, ఒక్కో కౌంటీలో ఒక్కో రేటు, మా దగ్గర నేను కట్టినప్పుడు 75. ప్రతివాదులు ఇద్దరుంటే రెండుసార్లు కట్టాలి, ఓనరూ మేనేజ్‌మెంట్ కంపెనీ ఇద్దరి మీదా వేసేవాళ్ళు ఇది మర్చిపోతుంటారు. జ్యూరీ కావాలంటే ఇంకో 22, మన డిపాజిట్ గొడవలకి జడ్జి చాలు, ఆ డబ్బులు మిగుల్చుకోండి.

ఇవి కోర్టువి. ఇక ఆన్‌లైన్ వల్ల వచ్చేవి వేరే. కార్డు ప్రాసెసింగ్ ఫీజు పర్సంటేజ్ లెక్కన పడుద్ది. మీరు ఎంచుకున్న సర్వీస్ ప్రొవైడర్ సొంతంగా ఫీజు తీసుకుంటే అదొకటి, దాని మీద సేల్స్ ట్యాక్స్. ఈ-ఫైల్‌టెక్సాస్ అనేది స్టేట్ వాళ్ళ మెయిన్ సిస్టమ్, దానికి కాగితాలు చేరవేసే ప్రొవైడర్లు చాలామంది ఉన్నారు, కొందరు ఫ్రీ, కొందరు డబ్బులు తీసుకుంటారు. లాయర్ ఆఫీసులకి పనికొచ్చే సదుపాయాలేవో ఇస్తారు కాబట్టి వాళ్ళు తీసుకుంటారు. ఒక్క కేసు వేసుకునే మనకి ఫ్రీది చాలు. సబ్మిట్ నొక్కే ముందు ఫీజుల పేజీలో ప్రతి లైనూ విడివిడిగా చూపిస్తుంది, మనం టోటల్ మాత్రమే చూసి నొక్కేస్తాం, అదీ అసలు సమస్య.

సర్వీస్ ఫీజు టిక్ పెట్టకపోతే డబ్బులు మిగులుతాయి కదా?

మిగులుతాయి, కేసు కూడా అక్కడే మిగిలిపోద్ది. అవతలి వాళ్ళకి కాగితాలు అందకపోతే వాళ్ళకి గడువు మొదలవదు, మీ కేసు ముందుకి కదలదు. కాన్‌స్టేబుల్ వద్దనుకుంటే సర్టిఫికేషన్ ఉన్న ప్రైవేట్ ప్రాసెస్ సర్వర్‌ని పెట్టుకోవచ్చు, వాళ్ళకి విడిగా కట్టుకోవాలి. కొన్ని కోర్టుల్లో సర్వీస్ ఆప్షన్ ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది, కొన్నిట్లో క్లర్క్ తర్వాత అడుగుతారు, కాబట్టి మీ ప్రీసింక్ట్ (కౌంటీలో మీ ఏరియా) కోర్టు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

జస్టిస్ కోర్టులో ఎంత దాకా వేయొచ్చు? దాటితే ఫీజు పెరుగుద్దా?

20,000 డాలర్ల దాకా. అంతకు పైన అయితే కౌంటీ కోర్టో డిస్ట్రిక్ట్ కోర్టో, అక్కడ కొత్త సివిల్ కేసుకి స్టేట్ వాటా 137, లోకల్ వాటా 213, మొత్తం 350. మన ఊళ్ళో అయితే దావా విలువ పెరిగేకొద్దీ కోర్టు ఫీజు పెరుగుద్ది, ఇక్కడ 500 కోసం వేసినా 19,000 కోసం వేసినా అదే 54. మా నాన్నగారికి చెప్తే నమ్మలేదు.

500 డాలర్ల డిపాజిట్ కోసం 130 పెట్టడం దండగ కాదా?

లెక్క చూసుకోండి. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం ఇల్లు ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి, లేదా ఏం కట్ చేశారో లెక్క ఇవ్వాలి. కానీ మీ కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి, ఇది చాలామంది చేయరు, "ఫోన్‌లో చెప్పాను అన్నా" అంటారు. ఓనరు దురుద్దేశంతో పట్టుకున్నాడని కోర్టు నమ్మితే 100 డాలర్లు ప్లస్ అన్యాయంగా పట్టుకున్న దానికి మూడింతలు ఇప్పించొచ్చు. గెలిస్తే కోర్టు ఖర్చులు కూడా మామూలుగా ఓడినవాళ్ళ మీదే పడతాయి. అందుకని రసీదులన్నీ దాచుకోండి, బ్యాంక్ యాప్ స్క్రీన్‌షాట్ కాదు, యాక్సెప్ట్ అయ్యాక సిస్టమ్ ఇచ్చే రసీదు.

స్టేట్‌మెంట్‌లో ఒకే ఫైలింగ్‌కి రెండు మూడు లైన్లు ఎందుకు?

కోర్టు ఫీజు ఒక లైను, ప్రాసెసింగ్ ఫీజు ఇంకో లైనుగా పడొచ్చు. పైగా పాత హోల్డు ఇంకా రాలిపోకుండా ఉంటే అది మూడోది. హోల్డు పక్కన పెండింగ్ అని ఉంటది, అసలు ఛార్జ్ పోస్ట్ అయిపోయి ఉంటది. పోస్ట్ అయిన లైన్లు మాత్రమే కూడండి, మీ ఫీజుల పేజీ టోటల్‌తో సరిపోవాలి. సరిపోలేదంటే అప్పుడు ఫోన్ చేయండి, చేతిలో ఎన్వలప్ నంబర్ పెట్టుకుని. ఎన్వలప్ నంబర్ అంటే మీరు సబ్మిట్ చేసినప్పుడు వచ్చే నంబర్, కేసు నంబర్ కాదు. అది లేకుండా ఎవరూ మీ ఫైలింగ్ వెతకలేరు.

మా బ్యాంకుకి ఫోన్ చేసి డిస్ప్యూట్ పెట్టేశాను, పర్లేదా?

అయ్యో. పెండింగ్‌లో ఉన్నదాని మీద మామూలుగా డిస్ప్యూట్ తీసుకోరు, అదృష్టం. కానీ యాక్సెప్ట్ అయిన ఫైలింగ్ ఛార్జ్ మీద డిస్ప్యూట్ పెట్టి బ్యాంక్ ఆ డబ్బు వెనక్కి లాగేస్తే కోర్టు లెక్కలో మీరు ఫీజు కట్టనట్టే. హోల్డు మరీ రోజులు రోజులు వేలాడుతుంటే బ్యాంక్‌కి చేసి "ఈ ఆథరైజేషన్ రిలీజ్ చేయండి, ఫైలింగ్ రిటర్న్ అయింది" అని అడగండి, రిటర్న్ మెయిల్ దగ్గర పెట్టుకోండి. డిస్ప్యూట్ అనే మాట నోట్లోంచి రానీయొద్దు.

ఎక్కువగా ఎందుకు రిటర్న్ అవుతాయి?

నేను చూసినవి చెప్తా. అకౌంట్ నంబర్, సోషల్ సెక్యూరిటీ నంబర్, పాస్‌పోర్ట్ నంబర్, డ్రైవింగ్ లైసెన్స్ నంబర్, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు కొట్టేయకుండా వదిలేయడం. వేరే ప్రీసింక్ట్‌లో ఫైల్ చేయడం, ఒకే కౌంటీలో చాలా జస్టిస్ కోర్టులు ఉండొచ్చు, ఇల్లు ఎక్కడుందో చూసుకోవాలి. ఫోన్‌తో ఫోటో తీసిన పేజీలు వంకరగా, నీడ పడి. సంతకం లేకపోవడం. ఇక మన పేర్ల గొడవ: ఇంటిపేరు ముందా వెనకా అని, లీజ్‌లో ఒకటి, పాస్‌పోర్ట్‌లో ఫస్ట్ నేమ్ ఖాళీ, పిటిషన్‌లో ఇంకోటి. లీజ్ మీద ఎలా ఉందో అచ్చం అలాగే రాయండి.

ఫీజు కట్టే స్తోమత లేదు. ఆన్‌లైన్‌లో ఎలా?

స్టేట్‌మెంట్ ఆఫ్ ఇనెబిలిటీ అని ఒక ఫారం ఉంది, టెక్సాస్ సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లో జస్టిస్ కోర్టుకైతే రూల్ 502.3, కౌంటీ, డిస్ట్రిక్ట్ కోర్టులకైతే రూల్ 145 కింద. జీతం, ఖర్చులు, మీ మీద ఆధారపడినవాళ్ళు అన్నీ రాసి, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని సంతకం పెట్టాలి. ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు పేమెంట్ అకౌంట్ క్రియేట్ చేసే దగ్గర క్రెడిట్ కార్డు బదులు వెయివర్ (ఫీజు మాఫీ) అనే రకం ఎంచుకోవాలి. ఇక్కడే అందరూ తడబడతారు, ఫారం అప్‌లోడ్ చేసి పేమెంట్ దగ్గర మాత్రం కార్డు ఇచ్చేస్తారు, ఇక హోల్డు పడకేం చేస్తుంది. ఫారంలో లెక్కలు మాత్రం నిజాలే రాయండి, అవతలి వాళ్ళు ఛాలెంజ్ చేయొచ్చు, అప్పుడు జడ్జి ముందు రుజువు చూపించాలి.

"పార్టీ రెస్పాన్సిబుల్ ఫర్ ఫీజ్" అని అడుగుతోంది, ఓనరు పేరు పెట్టొచ్చా? తప్పు వాడిదే కదా.

ఇది నన్ను నిజంగానే ఒకాయన అడిగారు. పెట్టకూడదు సార్. ఫైల్ చేసేది మీరు, మీ పేరే. గెలిచాక ఆయన దగ్గర్నుంచి వసూలు చేద్దురుగాని.

కాగితాలు వేయడానికి ఈ రోజే ఆఖరి రోజు. క్లర్క్ రేపు చూస్తే లేట్ అయినట్టా?

డిస్ట్రిక్ట్, కౌంటీ కోర్టుల్లో అయితే రూల్ 21 ప్రకారం ఆఖరి రోజు అర్ధరాత్రి లోపు పంపితే టైమ్‌కి వేసినట్టే, క్లర్క్ ఎప్పుడు చూశారన్నది కాదు లెక్క. కానీ కార్డు డిక్లైన్ అయితే అసలు సబ్మిట్టే అవ్వదు, డ్రాఫ్ట్‌లో కూర్చుంటది, మీరేమో పంపేశాననుకుని పడుకుంటారు. స్టేటస్ డ్రాఫ్ట్ దగ్గర్నుంచి సబ్మిటెడ్‌కి మారిందా, కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చిందా చూసుకునే ల్యాప్‌టాప్ మూయండి. బ్యాంకులు తెలియని ఛార్జ్ అని ఫ్రాడ్ అలర్ట్ పెట్టి ఆపేస్తాయి ఒక్కోసారి, రాత్రి పదకొండున్నరకి ఆ మెసేజ్‌కి వై అని కొట్టడానికి మెలకువగా ఉండాలి.

నా మీదే కేసు వేశారు. జవాబు ఇవ్వడానికి కూడా ఫీజా?

జస్టిస్ కోర్టులో మామూలు జవాబుకి ఫైలింగ్ ఫీజు ఉండదు. కాగితాలు అందాక 14 రోజులు టైమ్. ఫీజు ఉందేమోనని భయపడి జవాబు వేయకుండా ఊరుకుంటే డిఫాల్ట్ జడ్జిమెంట్, అంటే మీ వాదన వినకుండానే మీ మీద తీర్పు, వచ్చేస్తుంది, అది అసలు ఖర్చు.

ఈ తంటా అంతా ఎందుకు, కాగితాలు పట్టుకుని వెళ్ళి ఇచ్చేస్తే?

ఇవ్వొచ్చు. ఆన్‌లైన్ తప్పనిసరి లాయర్లకి, సొంతంగా వాదించుకునేవాళ్ళకి కాదు. కౌంటర్ దగ్గర తప్పుంటే అక్కడికక్కడే చెప్తారు, హోల్డు గొడవ ఉండదు. నా మూడో కేసు అలాగే వేశాను, లంచ్ అవర్‌లో పని అయిపోయింది.

ఇమ్మిగ్రేషన్ ఫైలు కదలడం లేదు, మాండమస్ (ఫైలు తేల్చమని ప్రభుత్వాన్ని ఆదేశించాలని కోర్టుని అడిగే కేసు) వేద్దామనుకుంటున్నాం. అదీ ఇక్కడేనా?

కాదు కాదు, అది ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు, పూర్తిగా వేరే సిస్టమ్, ఈ-ఫైల్‌టెక్సాస్‌కి సంబంధం లేదు. ఫీజు 350, దాని మీద అడ్మినిస్ట్రేటివ్ ఫీజు 55, మొత్తం 405 డాలర్లు, 2023 డిసెంబర్ నుంచి. ఆన్‌లైన్‌లో కడితే పే డాట్ గవ్ అనే ప్రభుత్వ పేమెంట్ సైట్ ద్వారా వెళ్తుంది, అక్కడ క్లర్క్ చూసేదాకా ఆపి పెట్టడాలు ఉండవు, కట్టారంటే కట్టినట్టే. కాబట్టి ఏ జిల్లా కోర్టులో వేయాలో తేల్చుకున్నాకే కార్డు తీయండి. లాయర్ లేకుండా ఆన్‌లైన్‌లో వేయనిస్తారా లేదా అన్నది కోర్టుని బట్టి ఉంటది. వేశాక ప్రభుత్వానికి జవాబు ఇవ్వడానికి 60 రోజులు ఉంటుంది, అది కాగితాలు అందినప్పట్నుంచి.

ఆ కేసు కాగితాలు చూడ్డానికి పేసర్ అనే ఫెడరల్ కోర్టుల సైట్ వాడతారు, పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కి ఎక్కువలో ఎక్కువ 3 డాలర్లు. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు బిల్లే రాదు. మనవాళ్ళు ఇది తెలియక కేసు వివరాలు చూడ్డానికి కూడా భయపడతారు.

ఇండియాలో పొలం గొడవ ఉంది, అక్కడ ఈ-ఫైలింగ్‌లో కూడా ఇలాగే హోల్డు పడుద్దా?

అక్కడ హోల్డు పద్ధతి కాదు, నెట్ బ్యాంకింగో యూపీఐయో కొడితే వెంటనే డెబిట్. ఫీజు కూడా ఫిక్స్‌డ్ కాదు, ఆంధ్రా, తెలంగాణ రెండిట్లో 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం దావా విలువని బట్టి. యూపీఐలో డబ్బు కట్ అయి పేమెంట్ ఫెయిల్ అని వస్తే, రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన రూల్ ప్రకారం ట్రాన్సాక్షన్ రోజు తర్వాత ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి, దాటితే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి. ఇంకొకటి, ఆ కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోతే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, మీ వకీలుని గుర్తు చేయండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు.

ఇంతకీ మీ మూడు హోల్డులు ఏమయ్యాయి?

మొదటిది ఆరో రోజు పోయింది, రెండోది ఎనిమిదో రోజు. మూడోది అసలు ఛార్జ్ అయ్యింది. కాన్‌స్టేబుల్ కాగితాలు ఇచ్చిన వారానికే లీజింగ్ ఆఫీస్ నుంచి ఫోన్, మొత్తం డిపాజిట్‌కి చెక్ రాసిస్తాం, కేసు తీసేయండి అని. ఫీజులు కూడా కలపమన్నాను, కలిపారు. కొత్త అపార్ట్‌మెంట్‌కి కట్టిన లేట్ ఫీ మాత్రం అడగడానికి మొహం చెల్లలేదు.